ల్యాప్‌టాప్ కీలు పడటం లేదా? తుడవడమా, క్యాప్ మార్చడమా, కీబోర్డే మార్చడమా

ల్యాప్‌టాప్‌లో ఏదో ఒక అక్షరం పడటం మానేస్తే చాలామంది చేసేది రెండే పనులు. ఒకటి, ఆ కీని ఇంకా గట్టిగా కొట్టడం. రెండు, నేరుగా షాపుకు తీసుకెళ్లి ‘కీబోర్డు మార్చేయండి’ అనడం. మొదటి పనికి కీ అడుగునున్న రబ్బరు చిరుగుతుంది. రెండో పనికి, తప్పు సెట్టింగులో ఉన్నా సరే, రెండు మూడు వేలు ఖర్చయిపోతాయి. ఇంకొందరిది ఇందుకు పూర్తిగా విరుద్ధం. లోపలి పొర చచ్చిపోయిన కీబోర్డును వారం వారం తుడుస్తూ, ఊదుతూ నెలలు నెట్టుకొస్తారు.

దారులు ఆరు ఉన్నాయి: సెట్టింగులు సరిచేయడం, శుభ్రం చేయడం, ఆ ఒక్క కీ మార్చడం, దాని పనిని వేరే కీకి అప్పగించడం, బయటి కీబోర్డు తగిలించుకోవడం, లోపలి కీబోర్డు మొత్తం మార్చడం. ధర చూసి ఎంచుకుంటే పొరపాటు పడతారు. ముందు లోపం ఎక్కడుందో తేలాలి. అది తేలాక ఆరింటిలో మూడో నాలుగో వాటంతటవే పక్కకు పోతాయి, మిగిలిన రెండు మూడింటి మధ్యే ధర, సమయం, ఓపిక లెక్క వేసుకోవాలి.

కింద చెప్పేది ప్రధానంగా విండోస్ 10, 11 ల్యాప్‌టాప్‌లకు. మ్యాక్‌బుక్‌ల సంగతి విడిగా చెప్పాం.

## ఎంచుకునే ముందు తేల్చాల్సినవి

లోపం విండోస్‌లోనా, కీబోర్డులోనా. దీన్ని తేల్చే చోటు బయాస్, అంటే విండోస్ మొదలవకముందే తెరుచుకునే మెషీన్ సెట్టింగుల తెర. అక్కడికి విండోస్ గానీ, దాని డ్రైవర్లు గానీ రావు. ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే డెల్, ఏసర్, ఆసుస్‌లలో సాధారణంగా ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, థింక్‌ప్యాడ్‌లలో ఎఫ్1 వరసగా నొక్కుతూ ఉంటే బయాస్ తెరుచుకుంటుంది. ఆ కీయే పాడైతే మౌస్‌తోనే వెళ్లొచ్చు: సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీ, అడ్వాన్స్‌డ్ స్టార్టప్ నొక్కితే మెషీన్ రీస్టార్ట్ అవుతుంది, అక్కడ ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్. (విండోస్ 10లో రికవరీ ఉండేది అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ కింద.) లోపల బాణం కీలు, ఎంటర్, ఎస్కేప్ పనిచేస్తున్నాయో లేదో వెంటనే తెలిసిపోతుంది. అక్షరాల కోసం ఏదైనా పాస్‌వర్డ్ పెట్టె తెరిచి నొక్కి చూడండి. కీ పడితే చుక్క వస్తుంది. చూశాక సేవ్ చేయకుండా ఎస్కేప్ కొట్టి బయటికి రండి. ఇది మరిచిపోతే కొత్త తలనొప్పి మొదలవుతుంది. హెచ్‌పీలో ఆన్ చేయగానే ఎఫ్2 నొక్కితే వచ్చే డయాగ్నస్టిక్స్‌లో కీబోర్డు పరీక్ష విడిగానే ఉంటుంది.

బయాస్‌లో కీ పడితే తప్పు విండోస్‌ది. అక్కడా పడకపోతే డ్రైవర్లు తీసి పెట్టడం దండగ.

ఎన్ని కీలు, ఏ కీలు. కంట్రోల్, విండోస్ కీ, ఓ అక్షరం కలిపి నొక్కితే స్క్రీన్ మీద కీబోర్డు వస్తుంది. చేత్తో కీ నొక్కినప్పుడల్లా తెర మీద అదే కీ వెలుగుతుంది. మొదటి వరస నుంచి చివరిదాకా ఒక్కో కీ నొక్కుతూ పోయి, వెలగనివి కాగితం మీద రాసుకోండి. ఈ జాబితా చాలా విషయం చెబుతుంది. ల్యాప్‌టాప్ కీబోర్డులో ప్రతి కీకి విడిగా తీగ ఉండదు. అడ్డంగా కొన్ని గీతలు, నిలువుగా కొన్ని గీతలు ఉంటాయి, అవి కలిసే చోట ఒక్కో కీ ఉంటుంది. ఒక గీత ఎక్కడో తెగితే దాని మీదున్న కీలన్నీ ఒకేసారి పోతాయి. అవి చూడ్డానికి పక్కపక్కన ఉండకపోవచ్చు కూడా. కాబట్టి:

- ఒక్క కీ మాత్రమే పోతే, క్యాప్ (కీ మీద అక్షరం ఉండే ప్లాస్టిక్ మూత) కిందో రబ్బరు దగ్గరో లోపం ఉండే అవకాశం ఎక్కువ. బాగుపడే ఆశ ఉంది.
- పక్కపక్కనున్న కీలు గుంపుగా పోతే తడి తగిలిందని అనుమానించాలి.
- ఎక్కడెక్కడో ఉన్న నాలుగైదు కీలు ఒకే రోజు కలిసి పోతే గీత తెగినట్టు, లేదా స్ట్రిప్ (కీబోర్డును మదర్‌బోర్డుకు కలిపే పల్చటి పట్టీ) కనెక్టర్‌లో సరిగా కూర్చోనట్టు. తుడిస్తే రాదు.
- అన్నీ పోతే డ్రైవర్, స్ట్రిప్, మదర్‌బోర్డు, ఈ మూడింటిలో ఒకటి.

తడి తగిలిందా. కీల కింద ఉండే పారదర్శకమైన షీటు నిజానికి మూడు పొరలు. పైదానికి, కిందిదానికి సన్నటి వాహక గీతలు అచ్చువేసి ఉంటాయి, మధ్య పొర వాటిని విడదీసి ఉంచుతుంది. నొక్కినచోట రెండూ తాకితే అక్షరం పడుతుంది. నీళ్లో టీయో ఈ పొరల మధ్యకు ఒకసారి పాకాక బయటికి రావడం కష్టం. పైగా కరెంటు ఉండగా తడిసిన గీత తుప్పు పట్టి తినేసుకుపోతుంది. అందుకే ఒలికిన రోజు బాగానే ఉండి, పది రోజుల తర్వాత కీలు ఒక్కొక్కటే పోవడం మామూలు. పాలు, చక్కెర ఉన్న టీ అయితే జిగురు కూడా తోడవుతుంది.

వారంటీ ఉందా. ఉంటే స్క్రూడ్రైవర్ ముట్టుకోవద్దు. తడి, దెబ్బ ఏమీ లేకుండా కీ పోతే అది కంపెనీ వారంటీలోకే వస్తుంది. ఒలికిన టీ, ఊడదీసి విరగ్గొట్టిన క్యాప్ మామూలు వారంటీలోకి రావు. విడిగా డబ్బు కట్టి తీసుకున్న యాక్సిడెంటల్ డ్యామేజ్ ప్లాన్ ఉంటే వస్తాయి. కొన్నప్పుడు అది బండిల్‌లో కలిపి ఇచ్చి ఉండొచ్చు, బిల్లు ఒకసారి తీసి చూడండి.

కీబోర్డు ఎలా బిగించి ఉంది. స్క్రూలతో ఉంటే మార్చడం తేలిక. ప్లాస్టిక్ రివెట్లతో పై కవర్‌కు అతికించి ఉంటే ఖర్చు, తలనొప్పి రెండూ పెరుగుతాయి. దీని సంగతి కిందుంది.

ఇంకో మాట. కీలు నొక్కడానికి గట్టిగా తగులుతూ, టచ్‌ప్యాడ్ కూడా ఉబ్బినట్టో, అడుగు మూత విచ్చుకున్నట్టో ఉంటే అది కీబోర్డు రోగం కాదు. లోపల బ్యాటరీ ఉబ్బి పైకి నెడుతోంది. వెంటనే ఆపేసి, చార్జర్ తీసేసి, బ్యాటరీ మార్పించండి. నొక్కి సర్దాలని చూడొద్దు, గుచ్చుకుంటే మంటలు వస్తాయి.

## మొదటి దారి: సెట్టింగులు, డ్రైవర్

పైసా ఖర్చు లేదు కాబట్టి ఎవరైనా ఇక్కడే మొదలుపెట్టాలి. లక్షణాన్ని బట్టి వెళ్తే తొందరగా తేలుతుంది.

- కీలు ఆలస్యంగా పడుతున్నాయి, నొక్కి పట్టుకుంటేనే పడుతున్నాయి: ఫిల్టర్ కీస్ ఆన్ అయి ఉంటుంది. కుడి షిఫ్ట్ 8 సెకన్లు నొక్కి ఉంచితే ఇది ఆన్ అవుతుంది. ఆలోచిస్తూ షిఫ్ట్ మీద వేలుంచే వాళ్లకు తెలియకుండానే జరిగిపోతుంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ (విండోస్ 10లో ఈజ్ ఆఫ్ యాక్సెస్), కీబోర్డు కింద ఆఫ్ చేయాలి.
- జె, కె, ఎల్ నొక్కితే 1, 2, 3 పడుతున్నాయి: చిన్న కీబోర్డుల్లో నమ్‌లాక్ ఆన్ అయింది.
- @ నొక్కితే " వస్తోంది: కీబోర్డు లేఅవుట్ యూకే ఇంగ్లిష్‌కు మారింది.
- ఇంగ్లిష్ నొక్కితే తెలుగు, తెలుగు నొక్కితే ఇంకేదో: విండోస్ కీ, స్పేస్ కలిసి పడి భాష మారింది. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు అక్షరాలు నేరుగా కొట్టే కీల అమరిక) వేసుకున్న మెషీన్లలో ‘కీబోర్డు పిచ్చిపిచ్చిగా చేస్తోంది’ అనే ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే. ఇంట్లో ఇంకొకరు అదే ల్యాప్‌టాప్ వాడితే మరీను.
- సౌండ్, బ్రైట్‌నెస్ కీలు ఎఫ్1, ఎఫ్2 లాగా పనిచేస్తున్నాయి: ఫంక్షన్ లాక్ మారింది. డెల్, లెనోవోలలో ఎఫ్‌ఎన్, ఎస్కేప్ కలిపి నొక్కితే చాలావరకు సరిపోతుంది.

ఇవేవీ కాకుండా కీబోర్డు మొత్తం విండోస్‌లో పడక, బయాస్‌లో పడుతుంటే డివైస్ మేనేజర్ తెరిచి, కీబోర్డ్స్ కింద ఉన్న స్టాండర్డ్ పీఎస్/2 కీబోర్డ్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి. డ్రైవర్ తిరిగి దానంతటదే వచ్చి కూర్చుంటుంది. పాస్‌వర్డ్ కొట్టలేక లాగిన్ దగ్గరే ఆగిపోతే, కింద కుడిమూలన ఉన్న యాక్సెసిబిలిటీ గుర్తు నొక్కి స్క్రీన్ కీబోర్డు తెచ్చుకోవచ్చు.

బయాస్‌లో కూడా ఏ కీ పడకపోతే ఒక్క ప్రయత్నం మిగిలుంది. షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసేసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టండి. కీబోర్డును చూసుకునే చిన్న కంట్రోలర్ ఒకటి బోర్డు మీద ఉంటుంది. అది మొరాయిస్తే ఇలా తిరిగి దారికొస్తుంది.

## రెండో దారి: శుభ్రం చేయడం

దుమ్ము, చిరుతిండి పొడి, వెంట్రుకలు, చీమలు, వీటికి ఇది సరైన మందు. కీ నొక్కితే కరకరలాడటం, సగం దిగి ఆగడం, ఒకసారి పడి ఒకసారి పడకపోవడం ఇందులోకి వస్తాయి.

మెషీన్ ఆఫ్ చేసి, తలకిందులు చేసి వెనక మెల్లగా తట్టండి. తర్వాత కెమెరా షాపుల్లో దొరికే రబ్బరు బ్లోయర్‌తో గానీ, గాలి డబ్బాతో గానీ పక్క నుంచి ఊదండి. డబ్బా నిలువుగా పట్టుకోవాలి. తలకిందులు చేస్తే గాలికి బదులు గడ్డకట్టే చల్లని ద్రవం పడుతుంది. నోటితో ఊదితే ఉమ్మి పడుతుంది. వ్యాక్యూమ్ క్లీనర్ వల్ల స్టాటిక్ విద్యుత్తు పుట్టే ప్రమాదం ఉంది, వద్దు.

అప్పటికీ రాకపోతే క్యాప్ తీయాలి. పాత ఏటీఎం కార్డు మూల గానీ, గిటార్ పిక్ గానీ క్యాప్ అంచు కిందకు దూర్చి, ఒక మూల టిక్‌మనేదాకా లేపండి. తర్వాత రెండో మూల. క్యాప్ కింద ఒకదానిలో ఒకటి ఇమిడిన రెండు చిన్న ప్లాస్టిక్ చట్రాలు కత్తెరలా ముడుచుకుంటూ లేస్తూ ఉంటాయి. షాపుల్లో వీటిని క్లిప్ అంటారు. విరిగేది ఎప్పుడూ వీటి సన్నటి కొసలే, క్యాప్ కాదు. ఒకవైపు బిగుసుకుపోతే లాగకుండా ఎదుటివైపు నుంచి ప్రయత్నించండి. స్పేస్, ఎంటర్, షిఫ్ట్, బ్యాక్‌స్పేస్ కింద అదనంగా ఒక ఇనుప తీగ కొక్కేలకు తగిలించి ఉంటుంది. అది తిరిగి పెట్టడం మొదటిసారి చేసేవాళ్లకు చేతకాదు. ఆ కీలు కదపకుండా ఉండటమే మేలు.

క్యాప్ తీశాక అసలు పరీక్ష చేయండి. మెషీన్ ఆన్ చేసి, నోట్‌ప్యాడ్ తెరిచి, మధ్యలో ఉన్న రబ్బరు బొడిపెను వేలి కొసతో నేరుగా నొక్కండి. అక్షరం పడిందా? అయితే లోపలి పొర బతికే ఉంది. లోపం క్యాప్‌లోనో క్లిప్‌లోనో ఉన్నట్టు, చవకగా తేలిపోతుంది. రబ్బరు పూర్తిగా కిందికి దిగినా అక్షరం పడకపోతే పొరలోనే గీత పోయింది. అక్కడ మీరు తుడిచేది పైపైనే.

జిగురు కనిపిస్తే మళ్లీ ఆఫ్ చేసి, దూది పుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి, పిండి, రబ్బరు చుట్టూ తుడవండి. ఫోన్ రిపేరు సామాన్లు అమ్మే షాపుల్లో ఐపీఏ అంటే ఇస్తారు. 99 శాతం ఉన్నది తీసుకోండి, 70 శాతం దానిలో మిగిలింది నీరే. శానిటైజర్ వద్దు, అందులో జెల్, సువాసన కలిపి ఉంటాయి. పెట్రోలు, నెయిల్ పాలిష్ రిమూవర్ ప్లాస్టిక్‌ను తినేస్తాయి. ఆరేదాకా ఓ పావుగంట ఆగి ఆన్ చేయండి.

ఇప్పుడే ఏదైనా ఒలికి ఉంటే ఈ వరస వేరు. పవర్ బటన్ నొక్కి పట్టి ఆపేయండి, చార్జర్ పీకేయండి, స్క్రీన్ తెరిచి మూత కిందికి వచ్చేలా బల్ల అంచున వాలుగా బోర్లించండి. బియ్యంలో పెట్టడం వల్ల లోపలికి దుమ్ము తప్ప ఒరిగేదేమీ లేదు. హెయిర్ డ్రయ్యర్ వేడికి క్లిప్పులు వంకరపోతాయి. ‘పనిచేస్తోందేమో చూద్దాం’ అని మధ్యలో ఆన్ చేయడమే అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది. టీ, కూల్‌డ్రింక్ అయితే ఆరబెట్టి ఊరుకోకుండా షాపులో మూత విప్పించి బోర్డు చూపించండి. కీబోర్డు పోతే వేలల్లో పోతుంది, బోర్డు పోతే ల్యాప్‌టాప్ పోతుంది.

## మూడో దారి: ఆ ఒక్క కీ మార్చడం

రబ్బరు నొక్కితే అక్షరం పడుతోంది, కానీ క్యాప్ ఊడిపోతోంది లేదా క్లిప్ విరిగింది. ఇలాంటప్పుడు కీబోర్డంతా మార్చమనే షాపుకు దండం పెట్టి బయటికి రండి. క్యాప్, క్లిప్, రబ్బరు కలిపి ఒక్క కీ సెట్‌గా ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పాత కీబోర్డులు పోగేసుకునే రిపేరు షాపుల్లో అయితే 50 నుంచి 300 రూపాయల మధ్య పెట్టేస్తారు.

చిక్కు ఒకటుంది. ఒకే మోడల్ ల్యాప్‌టాప్‌కు కంపెనీ రెండు మూడు తయారీదారుల కీబోర్డులు వాడుతుంది. చికోనీ, డార్ఫాన్, సన్‌రెక్స్, లైట్ఆన్ లాంటివి. పైకి అన్నీ ఒకటే, అడుగున క్లిప్ ఆకారం వేరు. మోడల్ పేరు చెప్పి తెప్పిస్తే సరిపోకపోవచ్చు. క్యాప్ తీసి, కింద మెటల్ ప్లేటు మీదున్న కొక్కేలు, క్లిప్, క్యాప్ వెనకభాగం మూడింటికీ దగ్గర నుంచి ఫొటోలు తీసి అమ్మేవాళ్లకు పంపండి. మెటల్ ప్లేటు కొక్కెమే విరిగితే మాత్రం కొత్త క్లిప్ పెట్టినా నిలవదు.

అంతవరకు ఆగలేకపోతే, తక్కువ వాడే అదే సైజు కీ క్లిప్ తీసి ఇక్కడ పెట్టుకోవచ్చు. పై వరస ఫంక్షన్ కీలు చిన్నవి, పనికిరావు. ఫెవిక్విక్ మాత్రం వద్దు. అది పారి క్లిప్ కీళ్లలోకి దిగి గట్టిపడుతుంది. ఊడిపోయే కీ కాస్తా కదలని కీ అవుతుంది.

## నాలుగో దారి, అయిదో దారి: రోజులు నెట్టుకురావడం

ఈ రెండూ మరమ్మతు కావు. అయినా కొందరికి ఇవే సరైన సమాధానం.

రీమ్యాప్. పోయిన కీ పనిని వేరే కీకి అప్పగించడం. ఉచితంగా దొరికే రెండు సాఫ్ట్‌వేర్లలో ఏది అన్నది చిన్న తేడా కాదు. మైక్రోసాఫ్ట్ పవర్‌టాయ్స్ వాడటం తేలిక, కానీ అది లాగిన్ అయ్యాకే పనిచేస్తుంది. పోయిన అక్షరం మీ పాస్‌వర్డ్‌లో ఉంటే లోపలికే రాలేరు. రెండోది షార్ప్‌కీస్. అది మార్పును రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) రాస్తుంది కాబట్టి ఒకసారి రీస్టార్ట్ చేశాక లాగిన్ దగ్గర కూడా నడుస్తుంది. బయాస్‌లో మాత్రం రెండూ ఉండవు.

దానంతటదే పడుతూ పోయే కీకి షార్ప్‌కీస్ మంచి ఉపాయం. ఆ కీని పూర్తిగా ఆఫ్ చేసేయొచ్చు.

ఏ కీకి అప్పగించాలి? ఇన్‌స్క్రిప్ట్‌లో తెలుగు కొట్టేవారికి క్యాప్స్‌లాక్‌తో పని లేదు, అదే ఖాళీ స్థలం. అన్నట్టు, ఇన్‌స్క్రిప్ట్‌లో డి కీ మీద ఉండేది పొల్లు. ఆ ఒక్క కీ పోతే దాదాపు ఒత్తులన్నీ పోతాయి, క్క నుంచి స్త్ర దాకా. కాబట్టి తెలుగు డీటీపీ చేసేవారు ఒక్క కీయే కదా అని నెట్టుకురాలేరు. ఒకసారి నొక్కితే రెండు పడే కీకి ఫిల్టర్ కీస్‌లో బౌన్స్ ఆప్షన్ పెట్టమని కొందరు చెబుతారు. ఇంగ్లిష్‌కు ఎంతో కొంత నడుస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్లకు ‘అమ్మ’ అనాలన్నా ఎం రెండుసార్లు కొట్టాలి, రెండోది అది మింగేస్తుంది.

బయటి కీబోర్డు. తీగ ఉన్న యూఎస్‌బీ కీబోర్డు 400 నుంచి 800 రూపాయల్లో వస్తుంది. బ్లూటూత్‌ది సుమారు వెయ్యి నుంచి మొదలు, బయాస్‌లో అది సాధారణంగా పనిచేయదు. చిన్న డాంగిల్‌తో వచ్చే వైర్‌లెస్ అయితే పనిచేస్తుంది. ల్యాప్‌టాప్ బల్ల మీదే ఉండి, వయసు అయిదారేళ్లు దాటితే ఇంతకన్నా తెలివైన ఖర్చు లేదు.

రెండు చోట్ల ఇది బెడిసికొడుతుంది. లోపలి కీబోర్డులో ఏదో కీ షార్టయి దానంతటదే పడుతుంటే బయటిది పెట్టినా ఆ గోల ఆగదు. రెండోది, ఈ మధ్య వస్తున్న చాలా ల్యాప్‌టాప్‌లలో పవర్ బటన్ కూడా కీబోర్డులోనే ఒక కీ. గీతలు తెగుతూ పోయి ఒకరోజు ఆ కీ కూడా పోతే మెషీన్ ఆన్ అవ్వదు. మీది అలాంటిదై, వారం వారం ఇంకో కీ పోతుంటే బయటి కీబోర్డుతో కాలం గడపొద్దు.

## ఆరో దారి: కీబోర్డు మొత్తం మార్చడం

గీత తెగినా, తడి లోపలికి దిగినా దారి ఇదొక్కటే. ఇక్కడ ఖర్చును నిర్ణయించేది బ్రాండ్ కన్నా బిగించిన తీరు.

స్క్రూల రకం. పాత మోడళ్లలో, థింక్‌ప్యాడ్ టీ సిరీస్ లాంటి ఆఫీసు మెషీన్లలో అడుగున రెండు మూడు స్క్రూలు తీస్తే కీబోర్డు పైనుంచి వచ్చేస్తుంది. ఒక్కటే జాగ్రత్త: అడుగున ఉన్న స్ట్రిప్ కనెక్టర్ మూత. నల్లగానో గోధుమ రంగులోనో గోరంత రెప్ప ఉంటుంది. దాన్ని గోటితో పైకి లేపాకే స్ట్రిప్ జారుతుంది. లేపకుండా లాగితే రెప్ప విరుగుతుంది, ఆ కనెక్టర్ బోర్డు మీద అంటించి ఉన్నది. 800 రూపాయల పని బోర్డు పనిగా మారేది ఇక్కడే. బ్యాక్‌లైట్ ఉంటే ఇంకో సన్నటి స్ట్రిప్ కూడా ఉంటుంది. దీన్ని కొంచెం ఓపిక ఉన్నవాళ్లు ఇంట్లోనే చేసుకోవచ్చు. డెల్, హెచ్‌పీ, లెనోవో తమ సర్వీస్ మాన్యువల్స్ తమ సైట్లలో ఉచితంగానే పెడతాయి. మీ మోడల్‌ది దించుకుని అందులోని కీబోర్డు అధ్యాయం చదివితే మీది ఏ రకమో తేలిపోతుంది.

రివెట్ల రకం. సన్నటి మెషీన్లలో ఎక్కువ ఇదే. బ్యాటరీ, బోర్డు, ఫ్యాన్ అన్నీ విప్పితే గానీ కీబోర్డు కనబడదు. అది పదుల కొద్దీ కరిగించిన ప్లాస్టిక్ మొగ్గలతో పై కవర్‌కు అంటి ఉంటుంది. షాపులో ఆ మొగ్గల తలలు బ్లేడుతో కోసి, పాతది పెకలించి, కొత్తది పెట్టి, మిగిలిన మొదళ్లను సోల్డరింగ్ ఐరన్‌తో కరిగించి అదుముతారు. పని బాగా వచ్చినవాడు చేస్తే గట్టిగానే ఉంటుంది. మొదళ్లు చాలనిచోట జిగురు పెట్టి ఊరుకుంటే, కొన్నాళ్లకు జి, హెచ్ దగ్గర కీబోర్డు మధ్యలో లేచి, నొక్కితే గుల్లగా ఊగుతుంది. ఇది ఇంట్లో చేసే పని కాదు.

టాప్ కవర్‌తో సహా. కీబోర్డు అప్పటికే బిగించి ఉన్న పై కవర్ మొత్తం మార్చడం. రివెట్ల బెడద లేదు, దిట్టంగా ఉంటుంది, ధరే ఎక్కువ. కంపెనీ సర్వీస్ సెంటర్లు సన్నటి మోడళ్లకు సాధారణంగా ఇలాగే మారుస్తాయి. నాలుగేళ్ల లోపు, ఇంకా కొన్నేళ్లు వాడే మెషీన్‌కు డబ్బు పెట్టగలిగితే దీనికే మొగ్గు చూపండి. ఆరేళ్లు దాటినదానికి రివెట్ల పని చాలు.

| దారి | సరిపోయే లోపం | సుమారు ఖర్చు (రూ.) | పట్టే సమయం | ప్రమాదం |
|---|---|---|---|---|
| సెట్టింగులు, డ్రైవర్ | బయాస్‌లో పడుతూ విండోస్‌లో పడనివి | 0 | అరగంట | దాదాపు లేదు |
| శుభ్రం చేయడం | దుమ్ము, జిగురు, ఒక్క కీ | 100–400 | గంట | క్లిప్ విరగడం |
| ఒక్క కీ మార్చడం | క్యాప్, క్లిప్, రబ్బరు | 50–300 | కొన్ని నిమిషాలు, సామాను దొరికితే | సరిపోని క్లిప్ |
| రీమ్యాప్ | తక్కువ వాడే ఒకటి రెండు కీలు | 0 | పది నిమిషాలు | లోపం పెరిగితే మళ్లీ మొదటికి |
| బయటి కీబోర్డు | ఏదైనా, బల్ల మీద వాడకానికి | 400–1,500 | వెంటనే | పవర్ కీ పోతే పనికిరాదు |
| కీబోర్డు, స్క్రూల రకం | గీత తెగడం, తడి | 800–2,000 | గంటలోపు | కనెక్టర్ రెప్ప |
| కీబోర్డు, రివెట్ల రకం | అవే | 1,500–3,500 | ఒక పూట నుంచి ఒక రోజు | మధ్యలో ఊగడం |
| టాప్ కవర్‌తో | అవే, సన్నటి మోడళ్లు | 3,500 నుంచి పైకి | సామాను వచ్చేదాకా | ధర |

ధరలు మామూలు మోడళ్లకు. గేమింగ్ ల్యాప్‌టాప్‌లకు, రంగుల బ్యాక్‌లైట్ ఉన్నవాటికి ఇవి వర్తించవు.

## ఎవరికి ఏది

ఆన్‌లైన్ క్లాసులు, పరీక్షలు ఉన్న విద్యార్థి: ఈరోజే యూఎస్‌బీ కీబోర్డు ఒకటి కొనేయండి, తీరిక దొరికాక మిగతా సంగతి. తర్వాత కూడా అది ఇంట్లో పడి ఉంటుంది.

ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్: పైన తట్టి ఊదడం వరకే మీ పని. క్యాప్ కూడా తీయకండి, ఐటీ వాళ్లకు టికెట్ పెట్టండి. మూత విప్పితే జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

పాత ల్యాప్‌టాప్, ఇంట్లో వాడకం: రివెట్ల రకమైతే మరమ్మతు ఖర్చును ఆ మెషీన్ సెకండ్ హ్యాండ్ ధరతో పోల్చి చూడండి. మూడో వంతు దాటుతుంటే బయటి కీబోర్డుతో సరిపెట్టుకోవడమే నయం. స్క్రూల రకమైతే ఆలోచించకుండా మార్చేయండి.

రోజంతా ప్రయాణాల్లో, ఒళ్లో పెట్టుకుని పనిచేసేవారు: బయటి కీబోర్డు మీకు కాదు. కీబోర్డు మార్చడమే.

విదేశంలో కొన్నది: అమెరికాలో కొన్నదానికి ఇక్కడ ఇబ్బంది లేదు, మన దగ్గర అమ్మేవీ చాలావరకు యూఎస్ లేఅవుట్‌వే. బ్రిటన్‌లో కొన్నదానికి ఎంటర్ కీ నిలువుగా రెండు వరసల ఎత్తు ఉంటుంది, జెడ్ పక్కన ఇంకో కీ అదనం. పై కవర్‌లో ఒక్కో కీకి ఒక్కో గడి కోసి ఉంటే యూఎస్ కీబోర్డు అందులో పట్టదు. టాప్ కవర్‌తో మార్చాలి, లేదా యూకే కీబోర్డే తెప్పించాలి.

మ్యాక్‌బుక్: 2015 నుంచి 2019 దాకా వచ్చిన బటర్‌ఫ్లై కీబోర్డు మోడళ్లలో క్యాప్ తీయొద్దు, సన్నటి చట్రం విరగడం ఖాయం. వాటికి ఆపిల్ 75 డిగ్రీల వాలుగా పట్టుకుని గాలి డబ్బాతో అడ్డంగా ఊదమని చెప్పింది. అలా చేసి చూడండి. ఉచితంగా బాగుచేసిన పథకం కొన్న తేదీ నుంచి నాలుగేళ్లకే కాబట్టి ఇప్పుడు దానిమీద ఆశ వద్దు. 2019 చివర్లో వచ్చిన 16 అంగుళాల ప్రోతో పాత సిజర్ (కత్తెర చట్రాల) రకం తిరిగి వచ్చింది, 2020 మే నాటికి మిగతావీ మారాయి. అవి చాలా నయం. కీబోర్డు మార్చాల్సి వస్తే మాత్రం చాలా మోడళ్లలో టాప్ కేస్ మొత్తం మారుస్తారు, బిల్లు కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది.

## షాపుకు వెళ్తే

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ లాంటి మార్కెట్లో ఒకే కీబోర్డుకు నాలుగు షాపుల్లో నాలుగు ధరలు చెబుతారు. చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్ అయినా అంతే. మోడల్ పేరు కాకుండా పార్ట్ నంబర్ అడిగితే బేరం సూటిగా సాగుతుంది. పాత కీబోర్డు వెనక స్టిక్కర్ మీద అది ఉంటుంది. లెనోవోకు ఎఫ్‌ఆర్‌యూ నంబర్, డెల్‌కు అయిదు అక్షరాల డీపీ నంబర్, హెచ్‌పీకి స్పేర్ పార్ట్ నంబర్. సామాను ఒరిజినలా, కంపాటిబులా, పాత మెషీన్ నుంచి తీసిందా అని ముందే అడగండి. కంపాటిబుల్ తీసుకోవడం తప్పేమీ కాదు, ఒరిజినల్ ధరకు తీసుకోవడమే తప్పు. బ్యాక్‌లైట్ ఉన్న మెషీన్‌కు లేనిది తగిలించి ఇస్తారు, చీకటి పడేదాకా మీకు తెలియదు. ఇది కూడా ముందే మాట్లాడుకోవాలి. రివెట్ల రకమైతే మొగ్గలు కరిగించి వేస్తారా, జిగురు పెడతారా అని అడగండి.

పాస్‌వర్డ్ ఇవ్వాల్సిన అవసరం లేదు. కీబోర్డును బయాస్‌లోనే పరీక్షించొచ్చు, లాగిన్ పెట్టెలో కన్ను గుర్తు నొక్కి కొట్టినా అక్షరాలు కనబడతాయి.

తీసుకునేటప్పుడు డబ్బు ఇచ్చే ముందు అక్కడే చూసుకోండి: ప్రతి కీ, రెండు షిఫ్ట్‌లు, స్పేస్ రెండు చివర్లు, పవర్ కీ, బ్యాక్‌లైట్. టచ్‌ప్యాడ్, వైఫై, స్పీకర్లు కూడా, ఎందుకంటే రివెట్ల పనికి వాటి తీగలన్నీ పీకి పెట్టి ఉంటారు. కీబోర్డు మధ్యలో వేలితో నొక్కి ఊగుతోందేమో చూడండి. మెల్లగా మూత మూసి, అడుగున స్క్రూలన్నీ ఉన్నాయో లెక్కపెట్టండి. పాత కీబోర్డు అడిగి తెచ్చుకోండి. బాగున్న క్లిప్పులు, క్యాప్‌లు దానిలో ఇంకా డెబ్బై దాకా ఉంటాయి. కొత్తదానికి సరిపోయేవైతే ముందుముందు ఒక్క కీ ఊడినప్పుడు మళ్లీ షాపుకు వెళ్లనక్కర్లేదు.